వాసెన

మొన్న వైశాఖంలో ఒక జాడీ దగ్గర తప్పు చెప్పాను.
ఇరవై రెండేళ్ల నాలుక,
బరంపురం పెద్దబజారు వెనక సందులో
ఏ ముక్కకి ఉప్పు పట్టిందో, ఏ ముక్క అలిగిందో
వేలు తాకించి చెప్పేసే నాలుక
"పులుపు చాలు" అంది.
చాలలేదు.
ఛత్రపురం నించి సరుకు తిరిగొచ్చింది.
షావుకారు ఏమీ అనలేదు,
మూత మాత్రం గట్టిగా పెట్టాడు.

ఆ పులుపు మామిడిది కాదు, నాదే.
రాత్రి రెండింటికి గొంతులోకి ఎక్కొచ్చి
తెల్లారేదాకా నాలుక మీద కూచున్నది.

అత్త గున్నమ్మకి చెప్తే
"ఎవరి మీదే నీకు కడుపుమంట?" అని నవ్వింది.
తోటికోడలు స్కూటీ కొన్న వారమే అది.
నిజమే కాబోలనుకుని రెండ్రోజులు
స్కూటీ వైపు చూడకుండా నడిచాను.
మంట తగ్గలేదు.

ఒక రాత్రి మా దాలయ్య గుండె అనుకున్నాడు.
ఖాళీ రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ ఆటో తోలాడు.
ఒంటికి తీగలంటించి, కాగితమ్మీద గీతలు చూసి
గుండె బాగుందన్నారు.
బాగున్నందుకు సిగ్గేసింది.

పాణిగ్రాహి డాక్టరుకి తెలుగు సగం వచ్చు,
నాకు ఒడియా ముప్పావు.
మింగుతుంటే అడ్డుతోందా? లేదు.
బరువు తగ్గావా? నవ్వొచ్చింది.
చీటీ వెనక ఒక సంచి గీసి, పైన గొట్టం గీసి,
రెండూ కలిసేచోట పెన్నుతో పొడిచి
"ఇక్కడ ఢీలా" అన్నారు.

ఓహో. వాసెన.
జాడీ మూతికి కట్టిన గుడ్డ వదులైతే
నిలబెట్టినంతసేపూ ఏం కాదు.
పడుకోబెట్టి చూడు, నూనె ఎంత దూరమొస్తుందో.
రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చి, నిండా తిని,
చేతి తడి ఆరకముందే
నిండు జాడీని మంచం మీద పొర్లించేదాన్ని నేను.

ఇప్పుడు పొద్దుగూకగానే కొట్లోనే తింటున్నా,
డబ్బాలో పెరుగన్నం, చప్పటి పొట్లకాయ,
పక్కవాళ్ల ఎర్రముద్దల మీంచి కళ్లు దించుకుని.
పరగడుపున మాత్ర. లంగా బొందు ఒక వేలు వదులు.
నాలుగో టీ మానేశాను.
మూడోది మానలేదు, డాక్టరుకి చెప్పకండి.
మంచానికి తలవైపు రెండిటుకలు,
పెరట్లో జాడీల కింద పెట్టేవే, అడిగి తెచ్చుకున్నాను.
"రెండే చాలా?" అన్నాడు షావుకారు.
వైశాఖం తరవాత అదే మొదటి మాట.

ఏటవాలు మంచమ్మీద దాలయ్య రాత్రంతా జారి
తెల్లారేసరికి గోడకి కాళ్లు తన్ని ఉంటాడు,
రుషికుల్యలో పడవెక్కినట్టుందంటాడు.
నేను ఎడం పక్కకి తిరిగి
పడవ ఒరగకుండా పడుకుంటాను.

ఝున్ను అని కొత్త పిల్ల చేరింది. దానికి చెప్తున్నాను:
కొరుకు, నాలుక అంచున తిప్పు, ఉమ్మెయ్,
నీళ్లు పుక్కిలించు, అప్పుడు మాటాడు.
"మింగితే ఏమవుద్ది మౌసీ?"
ఏమీ కాదే.
ఇరవై ఏళ్లదాకా ఏమీ కాదు.

కొన్ని రాత్రులు ఇంకా వస్తుంది,
పెళ్లిభోజనం తిన్న రాత్రి, ఎవరితోనో మాటాపడ్డ రాత్రి.
లేచి కూచుంటాను,
దిండు ఒళ్లో పెట్టుకుని, అది దిగేదాకా.

నిన్న నిమ్మకాయ జాడీకి పిలిచారు.
వేలు పెట్టాను.
"ఇంకో పిడికెడు ఉప్పు" అన్నాను.
వేశారు.
ఎవరూ మళ్లీ రుచి చూడలేదు.