బరువు పిల్లగాడు

నా పని నడుపుడు కాదు.
నా పని బరువు.

దేవరకొండల పల్లినూనె మిల్లు మూతవడ్డ ఏడాది
పీర్ల పండుగ తెల్లారి
కాయలు ఎండవోసే కళ్లం మీద
సున్నంతోని గీత గీసిండ్రు.
నాలుగు మూలలకు నాలుగు బోడి టైర్లు.
గంతే, గదే మా ట్రాకు.

ఆటోకు మూడు చక్రాలని ఊరందరికి ఎరుకే.
మూల తిరిగేటప్పుడు రెండేనని
నాకెరుక.
ఎడమకు కొడితే ఎడమ చక్రం లేస్తది.
లేచినదాన్ని మన్నుకు దించనీకి
బయటికి వేలాడే మనిషొకడు కావాలె.

పంచరు దుకాణంల గాలి కొడుతున్న నన్ను
లచ్చీరాం నాయక్ ఎగాదిగా చూసి
"ఎంతుంటవురా?" అన్నడు.
ధాన్యం కాంట మీద నిలవెట్టిండు.
ముప్పై ఒక్క కిలో.
సాలదని
పదికిలోల బాటు సంచిలేసి
నా నడుముకు గట్టిండు.

ఒక చెయ్యి కప్పు కడ్డీకి
ఒక కాలు మెట్టు మీద
మిగిలిన నేనంత బయట.
చెవి కిందనే నేల ఉరుకుతుంటె
ఎర్రమొరం పండ్లల్ల కరకరమనేది.
రాత్రి అన్నంల గూడ అదే రుచి.

ఖాజామియా సైలెన్సర్ పీకేసి వచ్చేటోడు,
ఆ సప్పుడుకు ఖిల్లా గుట్టల మీద నెమళ్లు జవాబిచ్చేవి.
డిండి రోడ్డు సైదులు పెట్రోల్ల గాసునూనె కలిపేటోడు,
వాని ఎనక పడ్డోడు
తెల్లపొగల పడి
ఇంకో మూల కాడ తేలేటోడు.
బాలమ్మ ఉడకవెట్టిన పల్లికాయ తెచ్చేది.
గెలిచినోనికి ఒక దోసెడు,
ఓడినోనికి రెండు.
ఎందుకని అడిగితే
"గెలిచినోనికి ఆకలి గాదు కొడుకా" అనేది.

ఒకపారి ఎస్సై వచ్చి
తాళంచెవులన్నీ టోపీల వేసుకున్నడు.
జీపెక్కినంక
మెల్లగ అడిగిండు,
"గింతకు ముందెవడొచ్చిండు?"

ఇగ ఇది చెప్పాలె.
ఆఖరు రేసు, మూడో సుట్టు, మూడో మూల.
సంచి తాడు తెగింది.
బాటు ఎగిరిపోయి మిల్లు రేకు తలుపును సొట్టవెట్టింది.
చక్రం లేచింది, దానెంబడి నేను లేచిన.
నేల లేదు, ఆటో లేదు,
కడ్డీని పట్టుకున్న నాలుగేళ్లు తప్ప
నాదనేది ఏది లేదు.
లచ్చీరాం ఎనకకు సూడకుంటనే అరిచిండు:
"ఉన్నవారా?"
"ఉన్న!"
గంతకన్న పెద్దమాట
ఇప్పటిదాంక నేనెవ్వరికి చెప్పలే.

గెలువలే. రెండో నంబరు.
ఇంజనాయిల్ డబ్బ ఇచ్చిండ్రు, సగం కారిపోయింది.

గా రేసులు ఎట్ల ఆగినయంటే
ఏమని చెప్పుదు?
ఎవడు సావలే, ఎవని కాలు ఇరగలే.
కిస్తీలు మొదలైనయి.
నెలనెలా ఫైనాన్సోడు వచ్చి లెక్కవెట్టే చక్రాలను
గాల్లకు ఎవడు లేపుతడు?

మొన్న నా బిడ్డ కోసమని వెంచరు చూడవోయిన.
రంగురాళ్లు, వేపమొక్కలకు ఇనుప జాలీలు.
మిల్లు లేదు, రేకు తలుపు లేదు,
నా సొట్ట గూడ పాతసామాన్లోనికి పోయినట్టుంది.
ఇస్త్రీ అంగేసుకున్న ఏజెంటు పిల్లగాడు
"ఈశాన్యం బిట్టు సార్, గజం పదకొండు వేలు" అంటున్నడు.
అంతటా గరక మొలిచింది,
అర్ధచందమామ లెక్క ఒక్క జాగల మాత్రం
మొలవలే.
కాలితోని తట్టిన. గట్టిగుంది.
మూడో మూల.

ఇప్పుడు నేను తొంభై రెండు కిలోలు.
బాటు అక్కరలేదు,
ఒక్కణ్ణే రెండు ఆటోలను నేలకు అదిమిపట్టుత.
లచ్చీరాం ఉంటె మురుస్తుండె.

వాడు ప్లాటు నంబర్లు చదువుతుండంగ
నా ఒళ్లు దానంతటదే
ఎడమకు వంగింది.
"సార్, కండ్లు తిరుగుతున్నయా?"

లేదు బిడ్డా,
మూల తిరుగుతున్నది.