రెండు పక్కల స్విచ్చి

కాట్పాడి రోడ్డులో వేబ్రిడ్జి పక్కన నా షెడ్డు.
హారన్ కావాలని వచ్చేవాళ్ళను
బండి స్టాండు వేసే తీరులోనే కనిపెడతా.
కాలేజీ పిల్లోళ్ళు. మీసం ఇంకా పెన్సిలు గీతే,
బస్సు గొంతు కావాలంటారు.
బిగిస్తా. తిడతానే బిగిస్తా.
నా ఇంటి బాడుగలో సగం వాళ్ళ కూతలే గదా.

ఆ పొద్దు వచ్చింది మొగిలమ్మ.
ఎక్సెల్ బండి, వెనక రెండు గంపలు,
గంపల అడుగున తడి గోనె,
అమ్మకం అయిపోయినా దొగ్గలాకు వాసన పోలేదు.
సంతపేట నుంచి గిరింపేట దాకా
ఆయమ్మ కేక విని పాలు పొయ్యి మీదికి ఎక్కేవి.
"ఆకూ..." అని ఎత్తుకుంటే
"...కూరే" మలుపు తిరిగి పక్క వీధిలో పడేది.

ఇప్పుడు గొంతు చుట్టూ తువాలు.
వేలూరులో గడ్డ కోసినారంట.
గడ్డతో పాటు ఏ నరం తెగిందో,
మాట గాలిగా వస్తా ఉంది,
పంచరైన ట్యూబును చెవి దగ్గర పెట్టుకున్నట్టు.
"అన్నా, నిండా దూరం ఇనపడాల."
రెండోసారి చెప్పించుకున్నా. సిగ్గేసింది.

ఢిల్లీబాబు ముందర మూతి ఊడదీసి
పాత హారన్ను రేకు డబ్బాలో విసిరేసినాడు.
కొత్తవి రెండు, నత్తగుల్లల మాదిరి,
ఒకటి లావు గొంతు, ఒకటి సన్న గొంతు.
"పాత వైరుకే నేరుగా కలిపేద్దామన్నా" అన్నాడు.
కలపచ్చు. రెండు రోజులు కూస్తాది.
మూడో రోజు స్విచ్చి కరిగి బొటనవేలికి అంటుకుంటాది.
సన్న వైరు మీద అంత బరువు పెట్టగూడదురా,
రిలే తీసుకురా.

చూడు, నాలుగు కాళ్ళు.
ముప్పై: బ్యాటరీ నుంచి. నడాన ఫ్యూజు మరవద్దు.
ఎనభై ఏడు: హారన్లకు.
ఎనభై ఐదు: ఎర్త్. ఛాసిస్ మీద పెయింటు గీకు,
ఇనుము తెల్లగా కనపడాల.
ఎనభై ఆరు: పాత హారన్ వైరు. దానికింక అరిచే పని లేదు,
లోపలుండే రేకును లెయ్యి అని తట్టడమే.
లేచిన రేకు పెద్ద కరెంటుకు తలుపు తీస్తాది.

మొగిలమ్మ ముక్కాలిపీట మీద కూర్చోని
మా చేతుల్నే చూస్తా ఉంది.
డాక్టరు గూడా ఇట్నే బొమ్మ గీసి చెప్పినాడని
గాలితో అనింది.

వైర్లకు స్లీవు. హ్యాండిలు తిరిగేచోట కాస్త వదులు.
నొక్కమన్నా.
నొక్కింది.
వేబ్రిడ్జి మీద మామిడికాయల లారీ డ్రైవరు
టీ గ్లాసు వదిలేసినాడు.
ఆయమ్మ నవ్వింది. శబ్దం లేదు గాని భుజాలు ఊగినాయి.
మళ్ళీ నొక్కింది, ఒకటి పొడుగు, రెండు పొట్టి:
ఆకూ... కూ, రే.
డబ్బులు సగమే తీసుకున్నా. మిగతా సగానికి
నెల పొడుగునా సిర్రాకు, పొన్నగంటి.

ఎనిమిది దినాలకు మళ్ళీ వచ్చింది.
ఫ్యూజు పోయిందేమో అనుకున్నా.
కాదు.
చర్చి వీధి మలుపులో మూడో ఇల్లు,
వనజాక్షి బిడ్డను కనింది, ఏడో నెలకే.
హారన్ మోగితే ఆ పిడికెడు బిడ్డ
ఉలిక్కిపడి చన్ను వదిలేస్తా ఉందంట.
"మునుపైతే పసిబిడ్డలుండే ఇంటి కాడ
కేకను కొంగులో మూట కట్టుకోని
ఆకు అని గడపకు మాత్రం చెప్పేదాన్ని.
దీంట్లో చిన్నది లేదాన్నా?"

నాకు జవాబు తట్టలేదు.
పద్దెనిమిదేండ్లుగా జాస్తి చెయ్యమన్నవాళ్ళే గాని
తగ్గించమని ఒక్కరూ అడగలేదు.

రేకు డబ్బా నేల మీద కుమ్మరించినాం.
తుప్పు నట్లు, విరిగిన క్లచ్చు లివర్లు, ఎవరివో సైడు అద్దాలు,
ఏ బండివో తెలియని హారన్లు పదమూడు.
ఒక్కొక్కటీ బ్యాటరీకి ఆనించి విన్నాం.
ఇది తుమ్ము. ఇది దగ్గు. ఇది మూగది.
మొగిలమ్మ చెవి వంచి తల అడ్డంగా ఊపతానే ఉంది.
పదకొండోది
గంప కింద కోడిపిల్ల మాదిరి కీక్‌మనింది.
తువాలు సర్దుకోని వేలు చూపించింది,
నాదే అని.

ఢిల్లీబాబు అప్పటికే
రెండు పక్కల స్విచ్చి కోసం అంగడికి పరిగెత్తినాడు.