పది మిల్లీమీటర్ల అవతల

మడికొండ షెడ్డుల పొద్దుగాల పవరేస్తే
జెడ్డు ఇల్లు చేరింది, వై చేరింది.
ఎక్సు మాత్రం ఎర్రలైటు పెట్టి
నడిమిట్ల మొండికేసింది.

సెన్సర్ మీది ఇనుప రజను తుడిచిన.
కేబుల్ కుదిపి చూసిన.
స్క్రూడ్రైవర్ మొన చూపిస్తే
చిన్న దీపం వెలుగుతనే ఉంది.
కండ్లు మంచిగనే ఉన్నయి దీనికి.

మళ్ల రీసెట్.
ఈసారి ఆగింది, పాత గీతకు
పది మిల్లీమీటర్ల అవతల.
నిన్న బొక్కలు పక్కకు పడ్డ నాలుగు ఫ్లాంజీలు
అప్పుడు సమజైనయి.

ఓదెలన్న సర్వపిండి తుంచుకుంట,
లేవకుండనే అడిగిండు:
"స్క్రూ ఒక్క చుట్టు ఎంతరా?"
పది.
"మరింకేంది, ఒక చుట్టు తప్పింది. డాగు బోల్టు చూడు."

బోల్టు వేలితోనే తిరిగింది.
పోయిన శనివారం దాన్ని బిగించింది నేనే.
కాజీపేట దిక్కు గూడ్సు కూత
ఎంతకూ ఆగలే.

డాగును అయిదు మిల్లీమీటర్లు జరిపి, బిగించి,
తెల్లరంగుతో గీత పెట్టిన.
ఎక్సు ఉరికొచ్చి, తాకి,
జరంత వెనక్కి తగ్గి, నిలబడ్డది.
తెర మీద మూడు సున్నాలు.

తుక్కు రిజిస్టర్ల నాలుగు ఫ్లాంజీలు
ఎవని పేరు మీద రాయాల్నో
ఓదెలన్న అడగలే.
చేతులు తుడుచుకొని
నేనే రాసిన.