పదకొండో కాగితం

రోజుకి పన్నెండు.
సాక్షి సంతకాలు పొద్దున్నే అయిపోయినాయి.
అంగన్‌వాడీ గుమ్మంలో గుడ్లు లెక్కబెడుతూనే
మాబున్నీ టీచరు పన్నెండింటికీ పెట్టేసింది,
ఇంకా జరగనిదాన్ని కళ్ళారా చూసినట్టు.
నేనే పెట్టమన్నా.

వజ్రకరూరు పక్క పల్లె ఇది.
తొలివానకి జనం వంగి వంగి
చేలల్లో వజ్రాలు వెతుకుతారు.
దొరికినోనికి ఇంత, కొన్నోనికి అంతా.
నేను సంచీ నిండా కాగితాలతో
మాటలు ఏరుకోను వచ్చినా,
మూడు చుక్కల నెత్తురు కూడా.

తిప్పమ్మ సెనక్కాయలు ఒలుస్తా ఉంది.
విత్తనాల కాయ, చేత్తోనే ఒలవల్ల.
నేను చదివినా:
"ఈ అధ్యయనమునందు పాల్గొనుట పూర్తిగా స్వచ్ఛందము.
కారణము తెలుపకనే మీరు ఏ క్షణముననైనా
విరమించుకొనవచ్చును."
ఆ రెండో వాక్యం కాడ నా గొంతు ఎప్పుడూ
దిగుడులో సైకిలు మాదిరి పరిగెడుతుంది.
"అట్లనే కానీమ్మా" అనింది.
"పెట్టకపోతే పిల్లోనికి గుడ్డు ఆపరు గదా?"
దానికీ దీనికీ సంబంధం లేదన్నా,
గుడ్డు ఇచ్చే చేతి సంతకం పక్కనే
ఆమె వేలు ఆనిస్తా.

ముద్ర పడలేదు.
ఒలిచి ఒలిచి బొటనవేలు గీతలన్నీ అరిగి
గులకరాయి మాదిరి నున్నగా ఉంది.
"రేషన్ మిషనుకీ నేనెవరో తెలీదులే" అని నవ్వింది.
కాగితం మీద ఒక నీలం మచ్చ.
మచ్చ చాలు అన్నారు సారు ట్రైనింగులో.

ప్రశ్న తొమ్మిది.
ఈ మధ్య, బతికి ఏం లాభం అనిపించిందా?
ఎప్పుడూ లేదు. అప్పుడప్పుడు. రోజూ.
చేతులు ఆగినాయి.
చాటలో గింజలు ఒక్కసారి గలగలమని ఊరుకున్నాయి.
బోరు ఎండినప్పటినుంచి, అనింది.
పురుగులమందు డబ్బా తలుపు వెనకాలే ఉండాది, అనింది.
మూడో గడిలో టిక్కు పెట్టినా.
పెన్నుతో.

ఇంగ పిల్లోని వంతు. ఎర్రితాత, తొమ్మిదేళ్ళు.
వాని కాగితంలో బొమ్మలుంటాయి:
నవ్వే డాక్టరు, నవ్వే సూది.
నీకిష్టమేనా అని అడగల్ల. అడిగినా.
"లేదు."
రెండేళ్ళుగా తిరుగుతున్నా, ఆ మాట ఎవరూ అనలేదు.
"ఏంటికి?" అన్నా.
"ఏంటికో చెప్పక్కర్లేదని నువ్వే సదివితివి గదా, మాయమ్మకి."

తిప్పమ్మ వాని దిక్కు చూసింది చాలాసేపు.
తర్వాత నా దిక్కు.
"అయితే నాదీ కొట్టేయమ్మా.
ఆ కడాకు చెప్పింది. నోరు జారినా."

ఈ మూలనుంచి ఆ మూలకి అడ్డగీత గీసినా.
కారణం అన్నచోట ఖాళీ.
కాగితం మర్చిపోతుంది,
నా చెవులు యాడ మర్చిపోతాయి?
తలుపు వెనకాల డబ్బా అక్కడే ఉంది.

సంచీ మూసి చాట పక్కన కూచున్నా.
ఒక కాయ తీసి నొక్కితే నా వేలే నొచ్చింది.
"అక్కా, ఇది నేను దాచుకోలేను.
ఎవరికి చెప్తే నీకు సమ్మతం?"
ఈ ప్రశ్నకి గడులు లేవు.
ఆమె పిడికెడు కాయలు ఒలిచింది.
ఇంకో పిడికెడు.
"మాబున్నీకి చెప్పు. మీ సారుకొద్దు.
డబ్బా నువ్వే తీస్కపో,
పిల్లోడు చూడకుండా."

ఉరవకొండ బస్సులో
కాగితాల పక్కన డబ్బా నిలబెట్టుకుని లెక్కేసినా.
పది.
పదకొండోదానికి అడ్డగీత.
పన్నెండోదానిలో ఇంకా ఎవరూ లేరు,
సాక్షి తప్ప.