సగం ట్యాంకరు

నిండుకుండ తొణకదంటరు గదా,
ఆ మాట నాకు సమజైంది
ఇబ్రీ దాటినంక, ఒక రౌండబౌట్ కాడ,
పన్నెండు వేల లీటర్లల్ల సగం ఒక ఇంట్ల పోసి
మిగిలిన సగంతోని వస్తున్నప్పుడు.

బ్రేకు తొక్కిన.
బండి ఆగింది.
నీళ్ళు ఆగలే.

ఎనుకనుంచి ఎవరో భుజం పెట్టి గుద్దినట్టు
ఒక్క దెబ్బ.
ఆగిన బండి మల్ల గజం దూరం జరిగి
ముంగటి కారు డిక్కీకి జానెడు జాగ ఇడిసి నిలబడ్డది.
నీళ్ళు ఎనుకకు పోయినయి. మల్ల ముంగటికొచ్చినయి. మల్ల.
పక్క సీట్ల చాంద్ బాషాది రాజంపేట.
"యెవురో ఉండారునా లోపల" అన్నడు.

ఎవరూ లేరు.
ఆరు వేల లీటర్ల మొండితనం.
లోపలి అడ్డం పలకలు తుప్పుపట్టి ఊడినయని
అర్బాబ్‌కు మూడుసార్లు చెప్పిన.
ఇన్షాల్లా అన్నడు, మూడుసార్లు.

బడిల దీనికో పేరుండె.
వీరేశం సారు బోర్డు మీద జడత్వం అని రాస్తే
నేను ముందు బెంచి సుగుణ జడ దిక్కు చూసిన.
తొమ్మిదిల ఫేలైన.
ఇప్పుడు యాదికొస్తది:
ఆమె గిర్రున ఎనుకకు తిరిగితే
తల తిరిగినంక గూడ రెప్పపాటు సేపు
జడ ఆడనే ఉండి
అప్పుడు వచ్చేది.
పాఠం ఆడ నడుస్తుండె.
నేనే సరిగ్గ చూసిన, సారే చూడలే.

జూన్ నెల. వాదీ పక్కన హమూద్ వాళ్ళిల్లు.
మిద్దె మీది టాంకీ నిండేదాక నలభై నిమిషాలు.
ఆ పోరడు మా బండి నీడల కూసొని
హోమ్‌వర్క్ చేస్తున్నడు.
టేబుల్ బొమ్మ, దాని మీద పుస్తకం బొమ్మ.
ఎన్ని బలాలు పనిచేస్తున్నయి అని అడిగిండు,
సగం అరబ్బీల, సగం నా హిందీల.
అది ఊకనే ఉన్నది గదా, నేను సిఫర్ అన్న.
తప్పన్నడు.
రెండు బాణాలు గీసిండు, ఒకటి కిందికి, ఒకటి మీదికి,
రెండూ సమానం పొడుగు.
కూడితే సిఫర్, కాని సిఫర్ కాదు అన్నడు.

నాకు ఎక్కలే.
గాఫ్ చెట్టు కింద పడున్న పాత పైపు తీసి
ఒక కొస చాంద్ బాషాకిచ్చి
ఇంకో కొస నా చేతుల పట్టించిండు.
గుంజున్రి అన్నడు.
గుంజినం. కాళ్ళు ఇసుకల దిగబడ్డయి.
పైపు ఇంచు గూడ కదలలే.
చాలన్నంక అరచేతులు చూసుకుంటే
ఇద్దరియీ ఎర్రగున్నయి.

రూముల వాళ్ళు నా గురించి అంటుంటరు,
పదకొండేండ్లు, ఒకటే కంపెనీ, ఒకటే మంచం,
వీడు ఊకనే కూసుంటడని.
చేతులు చూపియ్యమని ఎవరూ అడుగలే.

పైపు చుడుతుంటె ఎనుకకెల్లి మల్ల పిలిచిండు.
ఇంకో లెక్క ఉన్నదట:
లారీ సాఫు రోడ్డు మీద ఎనభైల పోతున్నది,
ఎక్కువ కాదు, తక్కువ కాదు.
ఇంజను ఎంత నూకుతదో
గాలి, రోడ్డు కలిసి అంతే ఆపుతయి.
కూడితే ఎంత?
నేను నవ్విన. నిలబడితేనే సిఫర్ గదా అన్న.
వాడు నవ్వలే.

పొద్దుగూకంగ ఖాళీ బండితోని బాయి దిక్కు మర్లినం.
రోడ్డు గీత గీసినట్టున్నది.
ముల్లు ఎనభై మీద.
డ్యాష్‌బోర్డు మీద గ్లాసుల సులేమానీ చాయ్
ఏ దిక్కూ ఒరుగలే.
నిలబడ్డట్టే ఉన్నది, ఇబ్రీ మాత్రం దగ్గరికొస్తున్నది.
సున్న గూడ గింత దూరం పోతదా అనుకున్న.

అంతల ఒంటె.
రోడ్డు నడుమ, తన జాగె అన్నట్టు.
ఎనుక చుక్క నీళ్ళు లేవని ఎరుకే,
అయినా మెల్లగనే తొక్కిన,
పన్నెండు వేల లీటర్లు ఉన్నట్టు.

బండి ఆగింది.
నిద్రల ఉన్న చాంద్ బాషా తల
ఇంకొంచెం ముంగటికి పోయి
అప్పుడు ఆగింది.