పచ్చి

పగలు స్తంభాలెక్కుతాను.
రాత్రి ఏ ఫీడరూ కొట్టేయకపోతే
వెనక వసారాలో కూర్చుని రంగులు కలుపుతాను.
గుణుపురంలో లైన్‌మేన్ దండాసి అంటే
ఫ్యూజు పోయిన ఇళ్ళవాళ్ళకి తెలుసు.
బొమ్మల సంగతి నా గోడకి తెలుసు.

సబ్‌స్టేషన్ వెనక చెత్తకుప్పే నా అంగడి.
పగిలిన పింగాణీ ఇన్సులేటర్‌కి
రెండు బొత్తాల కళ్ళంటిస్తే గుడ్లగూబ.
తెగిన అల్యూమినియం తీగ నెమలి తోక.
రాగి మాత్రం ముట్టను, అది లెక్కలో ఉంటుంది.
ఇప్పటికి పదకొండు గుడ్లగూబలు.
అన్నిట్లోకీ ఒక్కటే గడప దాటింది,
తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటానని
తాసిల్ ఆఫీసు చప్రాసీ పట్టుకుపోయాడు.
వెళ్ళినప్పుడల్లా చూస్తాను
అక్కడే నేలమీద, కళ్ళు తెరుచుకుని, డ్యూటీలో.

జ్యేష్ఠం చివర బరంపురం నుంచి
ఆరు రంగు గొట్టాలు తెచ్చాను.
పసుపుది ధర చూసి వెనక్కి పెట్టి
కొట్టు మెట్లు దిగి
మళ్ళీ ఎక్కాను.
పాత మీటరు బోర్డు చెక్కకి సున్నం, జిగురు పూసి
దానిమీద వంశధార వేద్దామని.
నాలుగు మూలలా నాలుగు మరల కంతలు.
రెండు ఇసుకలో కలిసిపోయాయి, ఒకటి కొండలో.
నాలుగోది ఆకాశంలో పడింది.
చుక్క అనుకోమన్నాను.

అవిసె నూనె రంగు, పైన ఆషాఢం.
అవతలి ఒడ్డు ఆకుమడి వేసిన రోజునుంచీ
ముసురు విడవలేదు.
కుముదిని పొద్దున్నే పొయ్యి ముట్టించబోతూ
చిటికెన వేలు ఒడ్డుకి ఆనించి చూస్తుంది.
"కంచా" అంటుంది.
జామకాయకీ అదే మాట వాళ్ళ భాషలో.
పచ్చి అంటాను నేను.
ఏడో రోజు పచ్చి. పంతొమ్మిదో రోజు పచ్చి.
దీపప్పురుగొకటి నీళ్ళలో దిగబడి
రెక్క ఒగ్గేసి పోయింది.
తీద్దామనుకున్నాను. దూరంనుంచి పడవలా ఉంది.

ఆ శుక్రవారం గాలివాన.
ఏటవతల ఊళ్ళో తీగ తెగిందని ఫోను.
తాడూ, కటింగ్ ప్లేయరూ భుజాన వేసుకుని
వంతెన మీద నడుస్తుంటే మెరిసింది.
అంత ఏరూ ఒక్కసారి కనిపించింది.
పచ్చ కాదు, ఎరుపు కాదు, బూడిద కాదు,
నా ఆరు గొట్టాల్లో లేదు అది.
ఒక సవర ముసలాయన గొడుగు తనకి పట్టుకోకుండా
టార్చికి పట్టాడు.
ముడి వేసి దిగేసరికి నాలుగైంది.
ఒడ్డు మీద ఒక బల్బు వెలిగింది,
దాని కింద నీళ్ళు
పిల్లలు దుప్పట్లో కదిలినట్టు కదిలాయి.

గీకేద్దామనే వచ్చాను ఇంటికి.
కత్తి తీశాను కూడా.
వసారాలో పెంకు జారి ధార కడుతోంది.
బోర్డు లేదు.
కుముదిని లోపల గోడకి ఆనుకుని నిద్రపోతోంది,
బోర్డు గుండెలకి ఆనించుకుని,
కోడిపిల్లని పట్టుకున్నట్టు.

విప్పి చూస్తే
దాని తెల్ల చీర మీద సగం ఏరు.
చుక్క ఉండాల్సిన చోట గుండ్రంగా ఖాళీ.
బోర్డు మీద చీర నేత గుర్తులు,
నీళ్ళన్నీ పక్కకి జరిగి
ఎటో పోతున్నట్టున్నాయి.
ఇన్ని రోజులూ అవి నిలబడే ఉన్నాయని
అప్పుడు తెలిసింది.

"ఉతక్కు" అన్నాను.
"పిచ్చేటి? నాలుగొందల చీర" అంది.
కిరసనాయిలు పెట్టి రుద్దింది, సోడా పెట్టి రుద్దింది,
నన్నూ, నా బరంపురాన్నీ కలిపి రుద్దింది.
వెలిసింది గానీ పోలేదు.
ఆ చీరే కట్టుకుని సంతకెళ్తే
కూరగాయలమ్మే గురువారి అడిగిందట,
ఈ అచ్చు ఎక్కడ వేయించావని.
ఏం చెప్పావన్నాను.
చెప్పలేదు, నవ్వింది.

కత్తి బీరువా మీద పెట్టేశాను.
శ్రావణం వచ్చింది.
ఇవాళ పొద్దున్న కూడా వంగి
చిటికెన వేలు పెట్టి చూసింది.
ఏమీ అనలేదు.
వేలు కొంగుకి తుడుచుకుంది,
ఉన్న మరక పక్కనే.