గిరక లెక్క

వచ్చిన మొదటి రోజే
కాశిబుగ్గ గల్లీల పిలగాండ్ల చెప్పులన్ని ఏరుకొచ్చి
నా కుట్టుమిషిని కింద కుప్ప పెట్టింది.
పద్నాలుగు. అన్నీ ఎడమకాలియే.
ఇగ చూడు, ఇంటింటి లొల్లి.

తల్లి, కొంరెల్లి మంద ఎంబడి తిరిగిన గొర్ల కుక్క.
తండ్రి, గ్రానైట్ క్వారీ కాడి జాతికుక్కనంట,
ఒట్టేసి మాత్రం చెప్పడు కొంరెల్లి.
ఒక చెవు నిలబడ్తది క్వారీ దిక్కు,
ఒక చెవు వాల్తది మంద దిక్కు.
తోక ఎవ్వలి మాటా ఇనది.

నర్సంపేట రోడ్డు పొంటి బీడంత ప్లాట్లయినంక
కొంరెల్లి నూట పదారు గొర్లమ్ముకున్నడు.
కుక్కనెవడు కొంటడు?
మా ఆయన దోస్తు గనుక తాడుతోని సహా మాకిచ్చిండు.
పోయేటప్పుడు ఒక్కటే అన్నడు:
"అక్కా, దానికి తిండి కంటె లెక్క ముఖ్యం."
నాకు సమజ్ కాలె.

నాలుగ్గొట్టంగనే దుప్పటి గుంజుతది.
నైటీ మీద తువ్వాలేసుకొని
ఎనుమాముల మార్కెట్ గోడ పొంటి ఉరుకుడు.
మిర్చి ఘాటుకు నేను తుమ్ముత, అది తుమ్ముతది.
"నువ్వు కుక్కను తిప్పుతున్నవా,
కుక్క నిన్ను తిప్పుతాందా?" అంటరు హమాలీలు.
మూడు చక్కర్లకు మోకాళ్లు నాయి కాకుండ పోతయి.
అది నీళ్లు తాగి, మళ్లా తయారు.

కట్టేస్తె గోడ గీరి సున్నం తిన్నది.
కొలతల టేపును నలభైరెండు కాడి దాక నమిలింది.
(గప్పటి సంది మా గల్లీల ఏ నడుమూ
నలభైరెండు దాటలే. అందరు సంబురపడ్తున్నరు.)
ఇడిసిపెడ్తె
కోళ్లను మలిపింది, ట్యూషన్ పోరగాండ్లను మలిపింది,
బరాత్ ముంగట ఆడే బ్యాండోళ్లను
బూరలు డోళ్లతో సహా మా వాకిట్లకు తోలుకొచ్చింది.
కరవది. పెద్దగ మొరగది.
ఒంగి, రెప్ప కొట్టకుండ చూస్తది.
ఎంతటోడైన ఎన్కడుగేస్తడు.

అసలు పని రాత్రి.
తడిముక్కు
అత్త పాదానికి ఒకటి,
బిడ్డ మోచేతికి ఒకటి,
నా అరచేతికి ఒకటి.
ఇగ దర్వాజ కాడ నిలబడ్తది.
కాజీపేట షెడ్డు నుంచి ఆయన బండి
మూల మలిగే సప్పుడయ్యేదాక కూసోదు.
ఆయన గల్మ దాటంగ మడిమకు ఒకటి.
నాలుగు.
అప్పుడు, ఎముకలన్ని ఒక్కపారే ఇడిసినట్టు
ధబ్బున పడిపోతది అడ్డంగ.

ఇరవై ఏండ్ల సంసారంల
గంత నిమ్మలంగ లెక్క మూసి పండుకున్ననా నేను?
తలుపేసి వచ్చినా
నా మనసు ఇంకేదో తలుపు కాడ నిలబడే ఉంటది.

మొన్న ఐతారం కొంరెల్లి వచ్చిండు.
హంటర్ రోడ్ల ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ ఇప్పుడు.
భుజం మీద గొంగడి లేదు.
ఖాకీ అంగి చేతులు పొడుగున్నయని
పొట్టి చేయించుకుందామని తెచ్చిండు.
గిరక వాసన చూసింది. ఎగరలె, మీద పడలె.
మర్శినట్టుందని నా పానం సివుక్కుమన్నది.
ఆయన ఏం అనలె. చాయ ఊదుకున్నడు.

"పోతక్కా, డ్యూటీ ఉన్నది."

గల్లీ మూల కాడ అడ్డమొచ్చింది.
ఎడమకు జరిగితె ఎడమకు. కుడికి జరిగితె కుడికి.
"ఏందే, నేను గొర్రెనా?" అన్నడు.
నాలిక మడిచి పాత పిలుపొకటి ఏసిండు,
బీట్ల అర్ధకోసు దూరం నుంచి దాన్ని ఆపే పిలుపు.
చెవు కదిలింది, మంద దిక్కుదే.
కాలు కదలలె.

ఎన్కకు, ఒక్కొక్క అడుగు,
నూట పదారిట్ల అమ్ముడువోని ఒక్కదాని తీరు
మా వాకిట్లకు నడిసిండు కొంరెల్లి
అంగి సంకల పెట్టుకొని.
పిక్కకు తడిముక్కు.
ఐదు.

నేను మళ్లా చాయ పెట్టిన. రెండు బస్సులు పోయినయి.
అత్త, బిడ్డ, మా ఆయన, అందరం అక్కడనే ఉంటిమి,
ఎవ్వలం మాట్లాడలె.
గిరక కన్ను మూతవడంగనే
మెల్లగ దాన్ని దాటి, వంగి చెప్పులు దేవులాడిండు.

కుడిది దొరికింది.